మూత మీది గీత

నాది మొదటి నుంచీ అనుమానపు బుద్ధే. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం బాపట్ల తీరం నుంచి తెచ్చుకున్న నల్ల బురద సీసాను కరీంనగర్‌లో కాలేజీ ల్యాబులో పెట్టకుండా, బస్సులో ఒళ్లో పెట్టుకుని హుజూరాబాద్‌లోని మా ఇంటికి తెచ్చాను. ల్యాబులో ఎవరో ఒకరు మూత తీస్తారని నా భయం. ఆ బురదలో ఉండేవి సముద్రపు ఏకకణ జీవులు. వాటికి ఆక్సిజన్ అక్కర్లేదు. పైగా అది తగిలితే చస్తాయి. బతికున్నవి చూపిస్తేనే నా ప్రాజెక్టు నిలుస్తుంది.

సీసాను అంచు దాకా ఉప్పునీటితో నింపి, మూత బిగించి, మూత మీదుగా సీసా మెడ దాకా పెన్నుతో ఒక గీత గీశాను. ఎవరైనా తెరిస్తే గీత కలవదు. అవ్వకు మాత్రం, "ఈ సీసల పానమున్న పురుగులున్నయి, పారబొయ్యకు" అని చెప్పాను.

నాలుగో రోజు చూస్తే గీత వేలెడు పక్కకు జరిగి ఉంది.

నా అనుమానం తిన్నగా మా మేడ మీద అద్దెకుండే క్లాస్‌మేట్ మీదికి పోయింది. మార్కుల్లో నాకు పోటీ ఆమే. రోజూ చాయ్‌కి దిగొచ్చి సీసా వంక చూసేది. "గీ వాసన ఎట్ల ఓర్సుకుంటున్నరే?" అని ఒకసారి అడిగింది కూడా. గీత సరిచేశాను. మళ్లీ జరిగింది. కుళ్లిన గుడ్ల వాసన తగ్గిపోయింది. గాలి సోకినట్టు బురద పైన గోధుమరంగు తిరిగింది. ఒక చుక్క కాలేజీకి తీసుకెళ్లి చూస్తే, మైక్రోస్కోపు కింద ఒక్కటీ కదల్లేదు.

ఒళ్లు మండి, ఆమెను మెట్ల దగ్గరే ఆపాను. "నిజం చెప్పు, మూత నువ్వే తీసినవు కదా?"

"నన్నట్ల అనుకున్నవా?" అని ఆమె పైకి వెళ్లిపోయింది. మళ్లీ చాయ్‌కి దిగలేదు.

మా మాటలు విని అవ్వ వంటింట్లోంచి వచ్చింది. ఆమెకు ఉబ్బసం, చేతిలో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉంటుంది.

"ఆ పిల్లనేమనకు బిడ్డా, నేనే తీసిన. పొద్దుగాల, మాపటికి జరంతసేపు తెరిచి, మామిడికాయ తొక్కు కలిపినట్టు చెంచతోని కలుపుతున్న. పానమున్నయంటివి, గట్టిగ బిగిస్తివి. దమ్మాడకుంటె ఎట్లుంటదో నీకేమెరుక?"

కోపం రాలేదంటే అబద్ధం. అందరినీ అనుమానించిన నేను, గాలి తగలకూడదని అవ్వకు ఒక్క మాట చెప్పలేదు.

"బతికినయా?" అని అడిగింది.

"బతికినయి అవ్వా" అన్నాను.

అయితే మంచిదని, అవ్వ మళ్లీ మూత తీసింది.