ఇరవై రికార్డుల్లో ఒకే తప్పు

మా బాటనీ మేడం పోయారు. మంగళవారం పొద్దున కుప్పంలో నేను ఇంటర్ పిల్లలకు మొదటి పీరియడ్ మొదలుపెట్టబోతుండగా మేడం చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క పోయిందమ్మా. నిద్దరలోనే పోయింది. ఏం అవస్థ పడలేదు," అన్నారు. నేను చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు అట్లాగే నిలబడిపోయాను. చిత్రమేమిటంటే, నాకు ముందుగా ఏడుపు రాలేదు. భయం వేసింది. అంతకు తొమ్మిది రోజుల ముందు, మదనపల్లెలో ఆసుపత్రి మంచం మీద నుంచి ఆమె నన్నొక మాట అడిగారు. నేను నిజం చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందా, చెప్పకపోవడమే మంచిదయిందా అన్న గుబులు ఈ అక్షరాలు రాస్తున్నప్పుడు కూడా నన్ను వదల్లేదు. ఆ సంగతి మీకు అర్థం కావాలంటే ముందు మా ప్రాక్టికల్ రికార్డుల సంగతి చెప్పాలి.

పుంగనూరులో మేం చదివిన డిగ్రీ కాలేజీ చాలా చిన్నది. రెండు వరసల గదులు, మధ్యలో నాలుగు కానుగ చెట్లు, వెనక రేకుల షెడ్డులో బాటనీ ల్యాబు. పెద్దపంజాణి వైపు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే వాళ్ళమే ఎక్కువ. నేను పుట్టుభయస్తురాలిని. వచ్చే బస్సు తప్పిపోతుందని పొద్దున, తిరిగి పోయే బస్సు తప్పిపోతుందని సాయంత్రం, మధ్యలో మేడం ఏదైనా అడుగుతారని రోజంతా భయపడేదాన్ని. మేడం కొట్టరు, తిట్టరు. కళ్ళద్దాల మీదుగా ఒక్కసారి చూసి, "ఏమ్మా?" అంటారు. ఆ ఒక్క మాటకే నాకు నోరెండిపోయేది.

మా బాటనీ వాళ్ళకు ఒక ఆచారం ఉండేది. ఫైనలియర్ వాళ్ళు వెళ్ళిపోయే రోజు ల్యాబు వరండాలో అందరం కూర్చుని కారం కలిపిన బొరుగులు తినేవాళ్ళం. తరవాత ఒక్కో సీనియరూ తన రికార్డు పుస్తకానికి పసుపు బొట్టు పెట్టి ఒక్కో జూనియర్ చేతిలో పెట్టేది. ఆ రికార్డు చూసి మనం మన రికార్డు గీసుకోవాలి. చివరి పేజీలో పెన్సిలుతో ఆ రికార్డు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పేర్లన్నీ వరసగా ఎక్కించాలి, చివర మన పేరు చేర్చాలి. పేర్లు రాయకపోతే ప్రాక్టికల్స్‌లో చేతులు వణుకుతాయని సీనియర్లు బెదిరించేవాళ్ళు. నా చేతులు ఎట్లాగూ వణుకుతాయి కాబట్టి నేను రెండుసార్లు రాసుకున్నాను. అందరి రికార్డుల్లోనూ మొట్టమొదటి పేరు ఒకటే ఉండేది. ఎవరో పాతకాలపు సీనియర్, మొదట్లో అందరూ ఆమె రికార్డు చూసే గీసుకుని ఉంటారు అనుకునేవాళ్ళం.

సెకండియర్‌లో ఒకరోజు శనగ వేరు అడ్డుకోత తీయమన్నారు. సన్నటి వేరును ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, ముక్కలో దోపి, బ్లేడుతో పల్చగా కోసి, ఎర్రరంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. అప్పుడు వేరులో నీళ్ళు మోసే గొట్టాలు గుండ్రంగా కనిపిస్తాయి, కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. నాకు చిన్నవి బయటి వైపు, పెద్దవి లోపలి వైపు కనిపించాయి. సీనియర్ ఇచ్చిన రికార్డులో బొమ్మ సరిగ్గా దానికి తిరగబడి ఉంది. పెద్దవి బయట, చిన్నవి లోపల. కాండంలో అట్లా ఉంటాయి, వేరులో ఉండవు. పాఠంలో మేడం చెప్పింది కూడా నేను చూసినట్టే. కానీ నాకు నా కంటి మీద నమ్మకం లేదు.

పక్కన కూర్చున్న స్నేహితురాలిని పిలిచి చూపించాను. "నీ కోత వంకర పోయుండాది. రికార్డు సూసి గీసేయ్," అంది.

"మేడంను అడిగితే?"

"అడుగు పో. బతికి బయటపడితే నాకూ చెప్పు."

స్లైడు చేతిలో పట్టుకుని మేడం బల్ల దాకా పోయాను. ఆమె ఎదురుగా పేర్చి ఉన్న రికార్డుల మీద సంతకాలు పెడుతున్నారు. తలెత్తి, "ఏమ్మా?" అన్నారు. "బాటిల్లో నీళ్ళు అయిపోయినాయి మేడం," అన్నాను. "అయితే పట్టుకోని రా," అన్నారు. నా బల్ల మీద నిండుగా ఉన్న బాటిల్లో నీళ్ళు బయట కానుగ చెట్టుకు పోసి, మళ్ళీ నింపుకుని వచ్చి, సీనియర్ బొమ్మే గీశాను. మేడం సంతకం పెట్టారు. ఆమె పాఠం ఎంత సరిగ్గా చెప్పేవారో ఆ బొమ్మను అంత చూడకుండా దాటేసేవారు. ఏళ్ళ తరబడి అదే బొమ్మ, అదే పేజీ. కన్ను అలవాటుపడిపోయింది.

నెల తరవాత ప్రాక్టికల్స్ వచ్చాయి. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు సన్నగా, అద్దకం చొక్కాలో, ఎవరితోనూ నవ్వకుండా వచ్చి కూర్చున్నారు. రికార్డులు ఒక్కొక్కటే తిప్పుతూ ఒక దగ్గర ఆగారు. ఇంకో రికార్డు తీశారు, ఇంకోటి తీశారు. తరవాత ఇరవై రికార్డులూ అదే పేజీ దగ్గర తెరిచి పొడుగు బల్ల మీద వరసగా పరిచారు.

"ఏం మేడం, ఇరవై మందీ ఒకే కల కన్నారా? ఒక్కరైనా మైక్రోస్కోపులో సూసినారా అసలు? వీటికి నేను మార్కులు వేయలేను," అన్నారు ఆయన. రికార్డుకు మార్కులు లేకపోతే ప్రాక్టికల్ పోయినట్టే, ప్రాక్టికల్ పోతే ఆ ఏడాది పోయినట్టే. వెనక ఎవరో వెక్కుతున్న శబ్దం వినిపించింది.

మేడం మెల్లగా వచ్చి బల్ల మీదికి వంగారు. చాలాసేపు చూశారు. తరవాత ఒక రికార్డు చివరి పేజీ తిప్పారు, రెండోదీ తిప్పారు. మొదటి పేరు మీద ఆమె వేలు ఆగింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "సార్, ఈ పేరు నాదే. పెండ్లికి ముందు ఇంటిపేరు. నేను ఈ కాలేజీలోనే చదివినా. ఈ బొమ్మ మొదట తప్పు గీసింది నేనే," అన్నారు.

పంతొమ్మిదేళ్ళ వయసులో ఒకమ్మాయి తొందరలో గీసిన బొమ్మ, పసుపు బొట్లు పెట్టించుకుంటూ చేతులు మారి, చివరికి ఆమె సంతకం కిందికే వచ్చి చేరింది.

"పిల్లలకు గంట టైమియ్యండి సార్. శనగ మొలకలు ఉండాయి. మీ కళ్ళ ముందరే కోసి, సూసి గీస్తారు," అన్నారు మేడం. ఆయన గడియారం చూసుకుని ఒప్పుకున్నారు. ఆ గంట నా జీవితంలో అతి పొడుగైన గంట. ఐదు మైక్రోస్కోపులకు ఇరవై మందిమి. బ్లేడు నా వేలు కోసింది, నెత్తుటికీ ఎర్రరంగుకూ తేడా తెలియలేదు. మేడం మా మధ్య తిరుగుతూ ఒకటే మాట చెప్పారు. "కనపడింది గీయండి. కనపడంది గీయొద్దండి. పాత బొమ్మ చింపొద్దండి, కొత్తది దాని పక్కనే అంటించండి. తప్పు కూడా ఉండనీ, కనపడతా ఉండనీ." గంట తరవాత ఆ సారు మళ్ళీ ఇరవై రికార్డులూ చూశారు. అందరికీ మార్కులు వేశారు.

అందరూ వెళ్ళాక నేను ల్యాబులోనే తచ్చాడుతున్నాను. బస్సు పోతుందని తెలుసు. మేడం వాచ్‌గ్లాసులు కడుగుతున్నారు.

"మేడం, నేను ముందే సూసినా," అన్నాను.

"ఎప్పుడు?"

"పోయిన నెల. స్లైడు తీసుకోని మీ కాడికి వచ్చినా. అడగలేక నీళ్ళు అయిపోయినాయని చెప్పినా."

ఆమె కొళాయి కట్టేశారు. "యాల అడగలేదమ్మా?"

"భయమేసింది."

"నేనంటేనా?"

తల ఊపాను. ఆమె అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయారు. ఎగ్జామినర్ ముందు పాలిపోని ముఖం అప్పుడు పాలిపోయింది. "తప్పు గీసింది నేను, భయపడింది నువ్వు. ఇదేం న్యాయమమ్మా," అన్నారు. నేను ఏడ్చేశాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తన సంగతే ఆలోచించుకుంటూ ఉండిపోయారు. కాసేపటికి, "పో, బస్సు పోతాది," అని పంపించారు.

మరుసటి ఏడాది మొదటి ల్యాబు రోజున, గంట కొట్టాక, మేడం పోయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఈ దినం నా తప్పొకటి చెప్పి బయటికి పోండి," అన్నారు. అందరం సంచులు సర్దుకుంటున్నట్టు నటించాం. "నాకేం తొందర లేదు. మీ బస్సులే పోతాయి," అన్నారు. ఆ మాటకు నా స్నేహితురాలికి పౌరుషం వచ్చింది. "బోర్డు మీద తేదీ తప్పు రాసినారు మేడం," అంది. మేడం వెనక్కి తిరిగి చూసి, "అవును, నిన్నటిది రాసినా," అని దిద్ది దారి వదిలారు. ఆ రోజు నుంచి అది ఆచారమైపోయింది. మొదట్లో చాక్‌పీసు విరగ్గొట్టారని, పేరు తప్పు పిలిచారని అల్లరిగా చెప్పేవాళ్ళం. పోనుపోను నిజమైన తప్పులు పట్టడం మొదలుపెట్టాం. వాటిని పట్టాలంటే పాఠం వినాలి కదా, అదీ ఆమె ఎత్తు. ఒకసారి ఆకు పేరు తప్పని నేను చెబితే ఆమె మూడు పుస్తకాలు తిరగేసి, "నువ్వే తప్పమ్మా. అయినా బాగా అడిగినావు," అని నా చేతిలో నిమ్మ బిళ్ళ పెట్టారు. ఆ బిళ్ళ తినకుండా చాలా రోజులు పెన్ను డబ్బాలో దాచుకున్నాను. ఆమె రిటైరయ్యేదాకా ఆ గుమ్మం దగ్గర ఆ ప్రశ్న ఆగలేదని విన్నాను.

ఇప్పుడు నేనూ పాఠం చెబుతున్నాను, కళ్ళద్దాలు కూడా పెట్టుకున్నాను. నా పిల్లలు రికార్డుల్ని ఫోన్లో ఫొటోలు తీసుకుని గీస్తారు. ఏ పేజీ మీద సంతకం పెట్టినా నాకు లోపల ఒక బెరుకు. నేను చూడకుండా దాటేస్తున్న బొమ్మ ఏది? గుమ్మంలో నిలబడి నా తప్పు చెప్పమని అడిగే ధైర్యం మాత్రం ఇంతవరకు చేయలేకపోయాను.

మేడం ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి, ఆ ఆదివారం కుప్పంలో తెల్లవారే బయలుదేరి, వెంకటగిరికోట, పలమనేరు, పుంగనూరు దాటుకుని మదనపల్లె చేరేసరికి ఎండ ముదిరింది. దారి పొడుగునా, నేను పోయేలోపలే ఏదైనా అయిపోతుందేమోనని ఒకటే దిగులు. వార్డు బయటే మేడం చెల్లెలు నన్ను ఆపారు. "డాక్టర్లు చెప్పేసినారమ్మా, ఇంక కొద్ది దినాలే అని. అక్కకు చెప్పలేదు. నువ్వూ ఏం అనొద్దు," అన్నారు.

మేడం సగమైపోయి ఉన్నారు. గొంతు మాత్రం అదే. "ఏమ్మా, కుప్పం నుంచి ఇంత దూరం వచ్చినావే," అన్నారు. పిల్లల గురించి అడిగారు, మైక్రోస్కోపులు ఎన్ని ఉన్నాయని అడిగారు. ఆరు అని చెబితే సంతోషించారు. తరవాత, "నాకు నయమవుతాండాది. వచ్చే నెల ఇంటికి పోతా. కొంచెం నడక వస్తే మీ కాలేజీకి వచ్చి నీ పిల్లలకు కోతలు తీసి సూపిస్తా," అన్నారు. నేను ఊఁ కొడుతున్నాను. ఉన్నట్టుండి ఆగి, కళ్ళు తిప్పకుండా నన్ను చూస్తూ అడిగారు. "ఏమ్మా, ఇప్పుడు నేను చెప్పిన దాంట్లో తప్పేమన్నా ఉండాదా?"

గుమ్మంలో ఆమె చెల్లెలు వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నారు. నన్నే ఎందుకు అడిగారో నాకు తెలుసు. ఆమె నన్ను తయారుచేసిందే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి.

"ఏం లేదు మేడం. అంతా కరెక్టే," అన్నాను.

ఆమె అట్లాగే చూశారు. కోపం లేదు ఆ చూపులో. "నీకింకా భయం పోలేదమ్మా," అన్నారు మెల్లగా. చెయ్యి చాచి నన్ను దగ్గరికి రమ్మన్నారు. కన్నీళ్ళకు తడిసిపోయిన నా కళ్ళద్దాలు తీసుకుని, దుప్పటి అంచుకు తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ నా ముఖానికి పెట్టారు. అవి కొంచెం వంకరగా కూర్చున్నాయి. కుప్పం చేరేదాకా నేను వాటిని సరిచేసుకోలేదు.