ఇరవై నాలుగో చెట్టు ఏ చివర?

నేనేం ఉద్యోగం చేస్తానని ఎవరైనా అడిగితే మా అమ్మ ఇప్పటికీ "కంప్యూటర్లో ఫైళ్లు తెరుస్తాది" అంటుంది. కర్నూల్లో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, శాస్త్రవేత్తలు పంపే ఫొటోలనూ పట్టికలనూ చదివే ప్రోగ్రాములు రాస్తాను. చదవడం, లెక్క కట్టడం, మళ్లీ ఇంకో ఫైల్లో రాసిపెట్టడం. అమ్మ మాటలో తప్పేమీ లేదు గానీ, ఆ చెప్పే తీరుకే నాకు ఒళ్లు మండుతుంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే దాంట్లో తప్పూ నాదే, కోపమూ నాదే.

బనగానపల్లె దగ్గర మా పెద్దమ్మకు మామిడితోట ఉంది. పన్నెండు వరుసలు, వరుసకు ఇరవై చెట్లు. పెద్దనాన్న పోయినప్పటి నుంచి ఆమే చూసుకుంటోంది. పోయిన ఏడాదికి ముందు ఏడు, బోరులో నీళ్లు తగ్గిపోయాయి. అన్ని చెట్లకూ చాలవు. లోపల పురుగు పట్టి ఎలాగూ పోయే చెట్లేవో తెలిస్తే, వాటిని కొట్టించి ఆ నీళ్లు మిగతావాటికి పెట్టుకుందామని ఆమె ఆలోచన. "నీ కంప్యూటర్‌కు ఏమన్నా తెలుస్తాదా పాపా?" అని ఫోన్ చేసింది. ఎందుకు తెలియదు, బ్రహ్మాండంగా తెలుస్తుందన్నాను.

తెలిసినవాళ్ల డ్రోను తీసుకెళ్లి, మిట్టమధ్యాహ్నం తోట మీద తిప్పి వేడిని పట్టే ఫొటో తీయించాను. అందులో ప్రతి చుక్కలోనూ రంగు బదులు ఆ చోటు ఎంత వేడిగా ఉందో చెప్పే అంకె ఉంటుంది. నీళ్లు సరిగ్గా లాక్కోలేని చెట్టు ఆకులు పక్క చెట్టు ఆకుల కంటే వేడెక్కుతాయి. అంతే, అందులో మాయామర్మం ఏమీ లేదు.

ఆ ఫైలు చదవడానికే మూడు రోజులు పట్టింది. ప్రతి అంకెనూ రెండు ముక్కలు చేసి దాస్తారు. ఏ ముక్క ముందో ఫైలు మొదట్లోనే రాసి ఉంటుంది. నేను అది చూసుకోకుండా చదివేసరికి మా పెద్దమ్మ తోట ఇరవై వేల డిగ్రీల్లో కాలిపోతున్నట్టు వచ్చింది. సూర్యుడి ముఖం కూడా అంత కాలదు. తర్వాత ముక్కలు అటుది ఇటు మార్చగానే ముప్పై అయిదు, ముప్పై ఎనిమిది అని అంకెలు బుద్ధిగా దిగొచ్చాయి. హమ్మయ్య, కష్టమంతా అయిపోయిందని కుర్చీలో వెనక్కి వాలాను.

ఇక మిగిలింది పట్టిక. నాటిన కొత్తలో ఆ మొక్కలకు మూడు ఎండాకాలాలు బిందెలతో నీళ్లు మోసి బతికించిన తాత ఒకాయన ఇప్పటికీ ఆ తోటకు కాపలా. చెట్లకు బోర్డుల్లేవు, నెంబర్లన్నీ ఆయన తలలోనే. ఏ నెంబరు చెట్టు ఎన్ని గంపలు కాసిందో ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకుంటాడు. అది తెప్పించుకుని మొత్తం ఎక్కించాను. నా ప్రోగ్రాము ఫొటోలోని చెట్లను గేటు వైపు నుంచి వరుసగా లెక్కపెట్టి, ఒక్కో నెంబరు పక్కన తాత రాసిన గంపలను చేర్చి, బాగా వేడెక్కిన పన్నెండు చెట్ల లిస్టు రాసిచ్చింది.

ఇరవై నాలుగో చెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగాను. వేడి చూస్తే ఎక్కువ, గంపలు చూస్తే తోట మొత్తానికీ అదే మొదటిది. అట్లాంటివి ఇంకో రెండు మూడు ఉన్నాయి. తెగులు ఇంకా కాపు దాకా రాలేదేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ క్షణం ఇంకొక్క నిమిషం సాగి ఉంటే బాగుండేది.

కాపు దిగిపోయాక పెద్దమ్మ చెట్లు కోసే మిషన్‌తో ఇద్దరు మనుషులను మాట్లాడింది. నేను లిస్టు పట్టుకుని పొద్దున్నే తోటలో దిగాను. నెంబరు నేను చదవడం, చెట్టు తాత చూపించడం. ముందు ఏడో చెట్టు. పైకి పచ్చగానే ఉంది. కూలిపోయాక చూస్తే మొదలంతా డొల్ల, పురుగు తొలిచిన పొట్టు తవుడులా రాలింది. "ఓర్నీ, కర్నూల్లో కూసోనే కనిపెట్టిందే ఈయమ్మ!" అన్నాడు మిషన్ మనిషి. నేను గాల్లో తేలాను. ఆ తర్వాత నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఎవరుంటారు?

తాత ఉన్నాడు. ఇరవై నాలుగో చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఇది వద్దు పాపా. పోయిన కాపులో దీనికి పద్దెనిమిది గంపలు దించినా."

"లోపలి తెగులు పైకి కనపడదు తాతా. ఏడోది కూడా పచ్చగానే ఉండె కదా?"

"ఏడోదాని సంగతి నాకు ముందే తెలుసు. దీనికేం రోగం లేదు."

"అయితే ఫొటో అబద్ధం చెప్తాదా?"

పెద్దమ్మ నా వైపే మాట్లాడింది. "ఏమప్పా, చదువుకున్న పిల్ల చెప్తాంటే మధ్యలో నీదేంది? జరుగు."

"నేను జరగనమ్మా. పొద్దుగూకేదాకా ఈడనే కూసుంటా" అని ఆ చెట్టు మొదట్లో కూలబడ్డాడు. మిషన్ మనిషి మిషన్ ఆపి బీడీ ముట్టించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అసలు నువ్వే నెంబరు తప్పు చూపిస్తాండావు! గేటు కాడ నుంచి నా ముందర లెక్కపెట్టు, చూస్తా!" అని అరిచాను. మూడు ఎండాకాలాలు నీళ్లు మోసిన మనిషి మీద అట్లా అరిచాను. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన లేచాడు. గేటు దగ్గర నుంచి ఒక్కో చెట్టునూ చేత్తో తడుతూ నడిచాడు. ఒకటి, రెండు, మూడు. నేను వెంటే ఉన్నాను. వరుస ఆ చివర ఇరవై అన్నాడు. అక్కడి నుంచే పక్క వరుసలోకి అడుగేసి, ఎదురుగా ఉన్న చెట్టును తట్టి "ఇరవై ఒగటి" అన్నాడు.

"ఆగు తాతా! ఇరవై ఒకటి గేటు పక్కన గదా?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "మళ్లీ గేటు కాడికి ఉత్తగ నడ్సుకుంటా పోయి మొదులు పెట్టాల్నా? ఆ చివర దాకా దున్నినోడు, ఎద్దుల్ని ఉత్తగ ఎనక్కి తోలకొచ్చి ఇంగో సాలు పడతాడా యాడన్నా?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. నా ప్రోగ్రాము ప్రతి వరుస అయిపోగానే గేటు వైపుకు వచ్చి మళ్లీ మొదలుపెడుతుంది. ఆయన పోతూ ఒక వరుస, వస్తూ ఒక వరుస లెక్కపెడతాడు. అంటే రెండు, నాలుగు, ఆరు, ఇట్లా ప్రతి సరి వరుసలోనూ మా నెంబర్లు తలకిందులు. నా ఇరవై నాలుగు గేటు నుంచి నాలుగో చెట్టు, ఆయన ఇరవై నాలుగు ఆ చివర నుంచి నాలుగోది. లిస్టులో పన్నెండు చెట్లుంటే ఏడు సరి వరుసల్లోనే ఉన్నాయి. అంటే నిక్షేపంలాంటి ఏడు చెట్లను మధ్యాహ్నానికల్లా నేనే కొట్టించి ఉండేదాన్ని. ఫైలంటే మళ్లీ చదువుకోవచ్చు. కొట్టిన చెట్టును ఏం చేస్తాం?

గట్టు మీద కూర్చుని సంచిలోని లాప్‌టాప్ తెరిచాను. మార్చింది ఒకే ఒక్క లైను, సరి వరుసలను చివరి నుంచి చదవమని. కొత్త లిస్టులో ఇరవై నాలుగు లేదు, ముప్పై ఏడు ఉంది. పన్నెండింట్లో ప్రతి చెట్టుకూ వేడి ఎక్కువ, గంపలు తక్కువ. ఒక్కటి కూడా ఎదురు తిరగలేదు.

"ముప్పై ఏడు" అని మెల్లగా చదివాను.

"ఆ, అదీ మాట! అది ఎప్పుడో పాయ. రెండేండ్ల నుంచి మీ పెద్దమ్మకు చెప్తానే ఉండా."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "చదవేస్తే ఉన్న మతి పోయిందంట" అని నడుం మీద చేయి పెట్టుకుని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్లలో నీళ్లొచ్చాయి. మిగతా పదకొండూ కొట్టేదాకా ప్రతి చెట్టు దగ్గరా ముందు తాత తలూపాలి, తర్వాతే మిషన్ అని నేనే చెప్పాను.

సాయంత్రం బస్సెక్కే ముందు ఆయన దగ్గరికి పోయి "నన్ను నాలుగు తిట్టు తాతా" అన్నాను.

"కొట్టింటే తిట్టేవాణ్ణే పాపా. కొట్టలేదు గదా, ఇంగ తిట్టేదేంటికి?" అని నోటుబుక్కు చంకలో పెట్టుకుని పోయాడు.

ఇప్పుడు ఆఫీసుకు ఎవరు పట్టిక పంపినా, ప్రోగ్రాము రాయకముందే ఫోన్ చేసి అడుగుతాను, ఆ చివరికి పోయాక మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టారని. అవతలివాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ, నాకేం పోయె.

తర్వాతి వేసవిలో బనగానపల్లె బస్సులో ఒక పెట్టె వచ్చింది. గడ్డి తీసి చూస్తే నిండా పండ్లు, పైన నోటుబుక్కులోంచి చించిన చీటీ. "24. ఆ చివర నుంచి నాలుగోది" అని రాసుంది. అమ్మ ఒక పండు కోసి ముక్క నా చేతిలో పెట్టి, "ఏం, తినకుండా అట్ల చూస్తాండావేంది?" అంది. నా మొదటి లిస్టు ప్రకారం ఆ పండ్లు లేవు. అదే మాట అమ్మతో అంటే, "నీ లిస్టు సంగతి తర్వాత, ముందు తిను" అంది. తిన్నాను.