చుక్క వెలుగులో తెల్ల చారలు

నేను ఏడో తరగతి మూడుసార్లు చదివాను. అంత క్షుణ్ణంగా చదివినవాడు చౌటుప్పల్‌లో ఇంకొకడు లేడు. ఈ పొద్దున చీర నేతకని రంగులో ముంచిన నూలు మీంచి, రంగు అంటకుండా కట్టిన రబ్బరు ముడులు విప్పుతుంటే, ఆ తడి వాసనకు రషీద్ సారు గుర్తొచ్చాడు.

ఎనభైల చివర్లో సారు మా ముందరి గదిలో కిరాయికుండేవాడు. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతూ, నలభై దాటాక పరిశోధన మొదలుపెట్టాడు. పక్క గెలాక్సీలో కొత్తగా పుట్టిన భారీ చుక్కల అతినీలలోహిత కాంతి ఆయన చదువు. ఆ కాంతి కంటికి కనబడదు, మన గాలి దాన్ని నేలకు రానివ్వదు. పైన తిరిగే ఉపగ్రహం పట్టి పంపాలి. అట్లా విదేశం నుంచి పోస్టులో ఆ కాంతి ముద్ర పడ్డ ఫోటో ఒకటి వచ్చింది. వెలుగు పడ్డచోట నలుపు తేలే కాగితం: పొడుగాటి నల్లపట్టీ, మధ్యమధ్య సన్నని తెల్ల చారలు. సోమవారం దాన్ని హైదరాబాదులో గైడుకు చూపకపోతే ఆయనకిచ్చిన గడువు తీరిపోతుంది, ఏళ్ల చదువు గంగలో కలుస్తుంది.

శనివారం సారు కాలేజీలో ఉండగా బల్ల మీద దాన్ని చూశాను. మా నేతపనిలో రంగు ఎక్కాల్సిన చోట ఎక్కకపోతే కుంచెతో అద్దుతాం. పాపం, సారుకు నాసిరకం సరుకు పంపారనుకుని, నల్లసిరాతో చారలన్నీ ముచ్చటగా పూడ్చేశాను.

సారు వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి సిరాబుడ్డి వెనక దాచుకున్నాను.

"నువ్వు నూలుకు ముడేసిన జాగల రంగు ఎక్కుతదా?" అన్నాడు.

"ఎక్కదు సారూ."

"గీ చుక్క మీంచి గాలి ఉరుకుతుంటది. అది కొంత వెలుగును ఆపుకుంటది. ఆపిన జాగాలే గా తెల్ల చారలు. గవి చూస్తేనే గాలి జోరు ఎరుకైతది. నువ్వు గవే మూసినవ్, యాదగిరీ."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

ముద్రతోపాటు అంకెల పట్టిక కూడా వచ్చిందట. దాన్నిబట్టి గ్రాఫు గీయొచ్చు గానీ, సారు ఒక్కడే అంకెలు చూసుకుంటూ గీస్తే సోమవారానికి అయ్యేది కాదు. "చీర డిజైన్లు గళ్ల కాగితం మీదనే గీస్తం సారూ. మీరు అంకె చెప్పుండ్రి," అన్నాను. ఆదివారం పొద్దంతా ఆయన చదివాడు, నేను పెన్సిలు మొన పెట్టాను. గీత దిగజారే చోటు వచ్చినప్పుడల్లా సారు గొంతు తగ్గించేవాడు: "జర మెల్లగ. గాలొచ్చింది."

గైడు ఒప్పుకున్నాడు. ఇప్పటికీ ఖాళీ ఎక్కడ కనబడ్డా, బట్టలోనైనా, మాట ఆపేసిన మనిషిలోనైనా, నింపేముందు ఒకసారి అడుగుతాను.

ఏడాదికి సారు పరిశోధన పుస్తకం అట్టలేసుకుని వచ్చింది. "అండ్ల నా పేరు ఎక్కిచ్చిన్రా సారూ?" అని ఎగతాళిగా అడిగాను.

"ఎక్కిచ్చిన. ముందుగాల చెడగొట్టి, తర్వాత గీసినాయన అని రాద్దామనుకున్న. గంత జాగా లేక దోస్తు అని రాసిన."