పాలసీ నంబరు పడ్డ బిందెలు

కొత్త స్టీలు గ్లాసుల మీద అంటించే స్టిక్కర్ల గురించి నాకొక ఫిర్యాదు ఉంది. కాగితం ఊడుతుంది, జిగురు ఊడదు. వేడినీళ్ళు అయ్యాయి, కొబ్బరినూనె అయింది, కిరసనాయిలూ అయింది. పొద్దుటినుంచి ఒక్క గ్లాసుతో కుస్తీ పడుతున్నాను, ఇప్పటిదాకా గ్లాసుదే పైచేయి. చివరికి గీకి పారేద్దామని చాకు తీశాను. మా ఆవిడ భారతి వంటింట్లోంచి తల బయటపెట్టి, చాకునీ నన్నూ ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ ఏమీ అనకపోవడం వెనక నలభై ఏళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. అది మీకు చెప్పక తప్పదు. ఇందులో అగ్నిప్రమాదం లేదు, దొంగతనం లేదు, వరద లేదు. అయినా అంతటి నష్టం మా ఇంట్లో అంతకు ముందు జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు. మొత్తం నా సొంత తెలివితోనే జరిగింది.

డెబ్బైల చివర్లో నేను జగ్గయ్యపేట జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్ని. నందిగామకి బదిలీ అయింది. అక్కడ దొరికిన గది ఎంతంటే, మంచం లోపలుంటే నేను వరండాలో ఉండాలి. సరైన ఇల్లు ఖాళీ అయ్యేదాకా భారతి వీరులపాడులో వాళ్ళ నాన్నగారి దగ్గర ఉండేట్టు, సామాను జగ్గయ్యపేటలోనే కోటయ్య గారి మిరపకాయల గోడౌన్లో ఒక గది అద్దెకి తీసుకుని పెట్టేట్టు నిర్ణయించుకున్నాం.

సామాను సర్దిన రోజు భారతి ఒక్క మాటే చెప్పింది.

"మంచాలు పోయినా, బీరువా పోయినా నేనడగను. మా అమ్మ బిందెలు మాత్రం జాగ్రత్తండీ."

భారతి వాళ్ళమ్మ సీతారావమ్మ గారు మా పెళ్ళయిన రెండో ఏడే పోయారు. ఆవిడకి చదువు రాదు. పెద్దయ్యాక పట్టుబట్టి పేరు రాయడం ఒక్కటీ నేర్చుకున్నారు. మిరపపంట చేతికొచ్చిన ప్రతి ఏడూ ఒక ఇత్తడి బిందో గుండిగో చెంబో కొని, దాని మీద సుద్దముక్కతో తన పేరు తానే రాసేవారట. చెక్కేవాడు ఆ సుద్దగీత మీదే ఉలి నడిపేవాడు. ఆవిడ రాతలో చివరి 'మ్మ'కి ఎప్పుడూ చోటు చాలేది కాదు. బస్సు నిండిపోయాక టాపు మీదకి నిచ్చెనెక్కే మనిషిలా అది పైకెక్కి కూర్చునేది.

ఇంత ముఖ్యమైన సామానుకి బీమా లేకపోతే ఎలా? నేను ఇంటర్ రెండో సంవత్సరం వాళ్ళకి బీమా సూత్రాలు బోర్డు మీద డబ్బాలు గీసి మరీ చెప్పేవాణ్ణి. పాఠం చెప్పినవాడికి ఆ విషయం తెలుసనే అపోహ నాకు అప్పట్లో గట్టిగా ఉండేది.

కోటయ్య గారికి చెబితే ఆయన నవ్వారు. "ఇక్కడికి దొంగెక్కణ్ణించి వస్తాడు మాస్టారూ? ఈ ఘాటుకి తుమ్మి తుమ్మి వాడే దొరికిపోతాడు. నా కాయకే ఏ బీమా లేదు."

"అది మీ ధైర్యమండీ. నాది శాస్త్రం," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ వాక్యానికే నన్నెవరైనా కొట్టి ఉండాల్సింది.

బీమా ఏజెంటు రంగారావు మెత్తటి మనిషి. ఫారాలు తెచ్చి, గోడౌన్లో ఒక బస్తా మీద కూర్చుని, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"లిస్టు రాసివ్వండి మాస్టారూ, చాలు. బిందెలిన్ని, గుండిగలిన్ని అని."

"మరి వాటి మీద మా అత్తగారి పేరుందే?"

"ఉంటే ఉండనివ్వండి. ఊళ్ళో ఎవరి బిందె చూసినా అత్తగారి పేరో అమ్మమ్మ పేరో ఉంటది."

"అలా కాదండీ. బీమా ఆసక్తి అని ఒక సూత్రం ఉంది. వస్తువు నాదై ఉండాలి. రేపు క్లెయిము పెడితే, ఈ సీతారావమ్మ ఎవరు, ఆవిడ సంతకమేదీ అని మీ ఆఫీసరు అడిగితే?"

రంగారావు రుమాలు తీసి నన్ను జాలిగా చూశాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో బిందెని చదివిన ఆఫీసర్ని నేను చూళ్ళేదండీ."

అతనికి సూత్రాలు తెలియవని జాలిపడ్డాను. పాలసీ చేతికొచ్చిన ఆదివారమే నందిగామలో మొదటి బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగి, సామాన్లకి పేర్లు చెక్కే బ్రహ్మయ్యని పట్టుకున్నాను. అతని కొట్టుకి బిందెలు తీసుకెళ్ళవచ్చు. కానీ పాలసీ ప్రకారం సామాను ఆ గదిలోనే ఉండాలి కదా! అందుకని బ్రహ్మయ్యనే ఉలీ సుత్తీ ఆకురాయితో సహా గోడౌనుకి నడిపించాను.

అతను మొదటి బిందె ఒళ్ళో పెట్టుకుని, పేరు మీద వేలు పెట్టి చూశాడు.

"ఇది చేతిరాతండీ. మేం వేసే అచ్చు కాదు. దీని పక్కన మీ పేరు వేస్తా, చోటుంది."

"పక్కన వద్దయ్యా. ఒక వస్తువుకి రెండు పేర్లుంటే క్లెయిము తిరగ్గొడతారు. అది తీసేసి నా పేరు, కింద పాలసీ నంబరు వెయ్యి."

"తీసేస్తే మళ్ళీ రాదండీ."

"రాకూడదనే కదా తీసేది!"

"అమ్మగారికి ఒక మాట..."

"అమ్మగారి కోసమే ఇదంతా. నువ్వు కానివ్వు."

బ్రహ్మయ్య ఆకురాయి తీశాడు. ఆకురాయి తర్వాత ఉప్పుకాగితం. ఇత్తడి పొడి, మిరప పొడి కలిసి గాల్లో బంగారంలా తేలుతుంటే, మేమిద్దరం కళ్ళనీళ్ళు కారుస్తూ కూర్చున్నాం. దారినపోయేవాళ్ళెవరైనా చూస్తే దేనికో ఏడుస్తున్నామనుకునేవారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఏడవాల్సింది అప్పుడేనట. ఆ తర్వాత బ్రహ్మయ్య నా పేరు చెక్కాడు. రెండక్షరాలకొక తుమ్ము చొప్పున ఉలి ఎగిరింది. నా పేరు లారీలో కూర్చుని రాసుకున్నట్టు తయారయింది. పాలసీ నంబరు పదకొండంకెలు. చిన్న చెంబులకి అది చుట్టూ తిరిగి వచ్చి మొదటి అంకెని ముట్టుకుంది.

ఆ సాయంత్రం నందిగామ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తెల్లచొక్కా ఎర్రబడి, ముక్కు చొక్కాకంటే ఎర్రబడి, అంత తృప్తిగా నేను మళ్ళీ ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

ఐదు నెలలకి నందిగామలో ఇల్లు దొరికింది. ఈలోగా గోడౌన్లో నిప్పురవ్వ పడలేదు, తాళం వంక ఎవరూ కన్నెత్తి చూడలేదు. సామాను లారీలో దిగింది. భారతి వీరులపాడు నుంచి ఒక సంచీతో వచ్చి, ముందు నీళ్ళు పడదామని ఒక బిందె అందుకుంది.

ఆవిడకొక అలవాటుండేది. బిందె కుళాయి కింద పెట్టి, నిండేదాకా వాళ్ళమ్మ పేరు మీద బొటనవేలు అటూ ఇటూ ఆడించేది. ఆ రోజూ వేలు వెళ్ళింది. ఆగింది. బిందెని చుట్టూ తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"అమ్మ పేరేదండీ?"

"మార్పించా. ఇప్పుడు ఇది పోయినా మనకి చిల్లిగవ్వ నష్టం రాదు, తెలుసా?"

ఆవిడ మిగతా బిందెలన్నీ వరసగా బయటికి తీసింది. గుండిగలు తీసింది. ఒక్కొక్కటీ తిప్పి చూసి గోడ పక్కన పెట్టింది. నీళ్ళు బిందె నిండి పొర్లుతున్నాయి. కుళాయి కట్టాలని నాకూ తోచలేదు.

"మా అమ్మ రాసింది ఇంకెక్కడా లేదండీ," అంది చివరికి. "కాగితం మీద కూడా లేదు."

సంతకమేదీ అని అడుగుతారేమోనని భయపడ్డానని చెప్పాను కదా. ఆ సంతకం ఆ బిందెల మీదే ఉండేదని నాకు అప్పుడు తట్టింది. కామర్స్ పుస్తకంలో ఈ సంగతి లేదు.

మర్నాడు సెలవు పెట్టి రంగారావు ఇంటికి వెళ్ళాను. అంతా విన్నాడు.

"ఇందులో మనకేమైనా వస్తుందా?" అని అడిగాను. అడిగాను, నిజం.

"నిప్పుందండీ. దొంగున్నాడు. పిడుగు కూడా ఉంది. లెక్చరర్ గారు లేరు మాస్టారూ, ఈ పాలసీలో."

నందిగామలో మేమున్న పదేళ్ళూ ఆ బిందెలే వాడాం. వీధి కుళాయి దగ్గర "నంబరు బిందె వాళ్ళు వచ్చారమ్మా, జరగండి" అనేవారు. ఎదురింటి పెద్దాయన మంచినీళ్ళడిగి, చెంబు చుట్టూ తల తిప్పుతూ చదివి, "ఇది లాటరీ నంబరా అండీ?" అన్నాడు. "అవునండీ, ఈయనకి తగిలింది," అంది భారతి. ఆ ఇంట్లో ఆవిడ ఈ విషయం మీద నవ్వడం అదే మొదటిసారి. ఆ రోజు నేను రెండు పూటలా కడుపునిండా తిన్నాను.

ఒకటి మాత్రం మిగిలింది. భారతి వీరులపాడు వెళ్ళేటప్పుడు దారిలో నీళ్ళకని సంచీలో పెట్టుకున్న మరచెంబు. ఆ రోజు బిందెల ముందు ఆవిడకీ అది గుర్తు రాలేదు. గోడౌనుకి రాలేదు, లిస్టులో లేదు, నా శాస్త్రానికి దొరకలేదు. దాని మీద సీతారావమ్మ గారి పేరు అలాగే ఉంది, 'మ్మ' నిచ్చెనెక్కుతూనే ఉంది. దాన్ని చూసి మిగతావాటి మీద కూడా అలాగే చెక్కించుకొస్తానన్నాను ఒకసారి. "చెంబు మీ చేతికిచ్చి?" అంది. ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడా చెంబు నా ఎదురుగా అలమారలో ఉంది. కోటయ్య గారి గోడౌను ఉన్నచోట ఇప్పుడేముందో నాకు తెలియదు. మిరపకాయల ఘాటు తగిలితే మాత్రం తుమ్ముకి ముందు ఆ ఆదివారం గుర్తొస్తుంది.

కనుక ఈ స్టీలు గ్లాసు సాక్షిగా, దానికంటుకున్న జిగురు సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇంకొకరి పేరున్న వస్తువుని ఇక కాపాడను. దేనికీ బీమా చేయించను, నా ఒంటికి కూడా. ఈ మాట లేచి నిలబడి, చాకు చేత్తో పట్టుకునే, వంటింట్లోకి వినపడేట్టు గంభీరంగా ప్రకటించాను.

భారతి బయటికి వచ్చి, అలమార తెరిచి, చెంబు తీసి చంకన పెట్టుకుంది.

"మీకు బీమా ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. ముందు ఆ చాకు కింద పెట్టండి."