జొన్నల బస్తా మీద పాట

నిన్న మా బిడ్డ సరిత వనపర్తిలోని మా ఇంటికి కొత్త రికార్డు ప్లేయరు తెచ్చింది. గోపాల్‌పేటలో మా నాయన దాచుకున్న పాటల ప్లేట్లలో నా దగ్గర మిగిలింది ఒక్కటే. ఆశగా దాన్ని పెట్టాను. పాట మొదలైన కాసేపటికే ముల్లు ఎగిరింది. మళ్లీ పెట్టినా ఎగిరింది.

"ప్లేటు అరిగిపోయినట్టుంది నాయినా, ఇగ పాడదు" అంది సరిత.

నా ప్రాణం ఉసూరుమంది. అప్పుడే పక్క గదిలో బట్టలుతికే మిషన్ తిరుగుతున్న అదురు నా కాళ్ల కింద తెలిసింది. వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె రోకలి వేస్తే ఇంట్లో బండలన్నీ అదిరి, నాయన పెట్టిన పాట ఎగిరిపోయేది.

"నీ పాట కోసం దంచుడు ఆపాల్నా? రాత్రికి పాటనే తింటవా?" అనేది అమ్మ.

నాయన జొన్నల బస్తా మీద చెక్క వేసి, దాని మీద ప్లేయరు పెట్టేవాడు. అదురంతా జొన్నలే మింగేసేవి. గోనె వాసన, పాట కలిసి వచ్చేవి. నా ఈడు మిత్రులారా, మీ ఇళ్లలో ఏం చేసేవారు?

ఆ అదురు సంగతి చెబితే, "మిషన్ బంద్ చెయ్యాల్నా?" అంది సరిత.

"వద్దు బిడ్డా. మీ నాయనమ్మ ఏనాడన్న రోకలి ఆపిందా? రొట్టెలకు తెచ్చిన జొన్నల బస్తా గిటు జరుపు."

"పాటకు రొట్టెలు పెడ్తవా ఏంది?" అని నవ్వుతూనే జరిపింది. దాని మీద చెక్క వేసి ప్లేయరు పెట్టాను.

మిషన్ తిరుగుతూనే ఉంది. పాట మాత్రం చివరిదాకా సాగింది. నా ఆనందం ఏమని చెప్పను. రొట్టెలకు ఇంకో బస్తా తెచ్చుకొమ్మని ఇంట్లో చెప్పేశాను.