బండ పక్కన మోకాల్లోతు

నాగావళిలో ఈత నేర్చుకున్నానంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. "ఆ ఏట్లో నీళ్ళెక్కడివండీ?" అని నవ్వుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

మా రేవులో ఆడపిల్లలందరికీ ఈత నేర్పింది మా మేనత్త. పాదున ముదిరిన ఆనపకాయల్ని గింజలు గలగలమనేదాకా ఎండబెట్టి, ఆ బుర్రలు రెండు పాత చీర ముక్కతో మా వీపుకి కట్టేది. కొన్నాళ్ళకి ఒకటి విప్పేసేది. రెండోది ఎప్పుడు విప్పేదో మాకు తెలిసేది కాదు. తెలిసేసరికి ఈదుతూ ఉండేవాళ్ళం. ఎవరైనా ఏడిస్తే, "ఏటే, ఏరు నిన్ను తినేస్తాదేటి? దిగు!" అని ముందు తనే దిగేది.

ఒడిశా కొండల మీద వాన పడితే, మాకిక్కడ ఎండ కాస్తూండగానే ఎర్రనీరు వచ్చేసేది. పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తే చాలు, అత్త కేకేసి అందర్నీ గట్టెక్కించేది. వంతెన లేని రోజుల్లో అవతలి ఊళ్ళకి పడవే దిక్కు. వేసవిలో అదీ అక్కర్లేదు, చాకిరేవు బండ పక్క నుంచి మోకాల్లోతు నీళ్ళలో నడిచి వెళ్ళిపోయేవారు. కార్తీకంలో వనభోజనాలు ఆ ఇసక మీదే. పులిహోరలో రెండు రేణువులు పంటికి తగిలినా ఎవరికీ పట్టేది కాదు.

మొన్న వేసవిలో ఈత నేర్పించమని మా అమ్మాయిని అత్త దగ్గరికి తీసుకెళ్ళాను. మోకాలి నొప్పితో ఆవిడ ఏడాదిగా ఏటి ముఖం చూడలేదు. ఇప్పుడు తగ్గిందనీ, ఇక రోజూ ఏటి స్నానమేననీ ఒకటే సంబరం. బుర్రలు కూడా సిద్ధం చేసి ఉంచింది. "నీకు నేర్పినాను, ఈ గుంటకీ నానే నేర్పాల. ఆ తరవాత సచ్చిపోయినా పర్లేదు" అంది.

రేవు చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. ట్రాక్టర్లు ఇసకంతా తోడుకుపోయాయి. ఏరు ఎక్కడికక్కడ గోతులై, పచ్చటి నీళ్ళతో కదలకుండా ఉంది.

"వద్దత్తా, ఇంటికి పోదాం."

"నోర్ముయ్యే. నా ఏరు నాకు తెల్దేటి? బండ పక్కన మోకాల్లోతే!"

పిల్లని గట్టు మీద నిలబెట్టి, ఎప్పట్లాగే ముందు తను దిగింది. రెండో అడుగుకే మనిషి మునిగిపోయింది. నేను దూకబోయేలోగా తనే పైకి తేలి, ఈదుకొచ్చి గట్టు పట్టుకుంది. చెయ్యిచ్చి పైకి లాగాను.

"నేల లేదే అక్కడ. నేల ఏటైపోనాది?" అని నన్నే అడిగింది.

"నేను దిగనా అమ్మమ్మా?" అంది మా అమ్మాయి.

"వొద్దే తల్లీ, దిగకు" అంది అత్త. ఎర్రనీరొస్తే తప్ప ఏ ఆడపిల్లనైనా ఆవిడ ఆపడం నేను అంతకుముందు వినలేదు. ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే చూస్తే, అత్త పెరట్లో కుళాయి కింద బకెట్టు పెట్టుకుంటోంది. ఏటికి వెళ్ళవా అంటే, "మోకాలు మళ్ళీ నొప్పెడతన్నాదే" అంది, నా వైపు చూడకుండా. నొప్పీ కాదు, పాడూ కాదు. భయం. ఆ మనిషికి ఏరంటే భయం పుట్టించారు ఆ ఇసక తోడుకుపోయినవాళ్ళు, వాళ్ళ చేతులు పడిపోను!

మా అమ్మాయికి పట్నంలో ఎవరో ఒకరు ఈత నేర్పేస్తారు. అత్త మాత్రం మళ్ళీ ఏట్లోకి దిగలేదు.