మామ ఆన్ చేసి పోయిన మోటారు

వరి కోసి ఇరవై రోజులైనా వర్ధన్నపేట దగ్గరి మా మేనత్త మడిలో నీళ్లు ఆరలేదు. కోతలైన వారానికే మామ గుండె ఆగిపోయింది. ఆయన ఆన్ చేసి పోయిన ఆటో స్టార్టర్‌ను ఎవరూ ముట్టుకోవద్దని అత్త పట్టుబట్టింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటారు దానంతటదే నడిచేది.

పొలాల నుంచి లేచే గ్యాస్‌ను కొలవడం నా పని. బురదలో ప్లాస్టిక్ పెట్టె బోర్లించి, సిరంజీతో గాలి లాగి చిన్న సీసాల్లో నింపుతాను. కొయ్యకాళ్లు నీళ్లలో మురిగితే భూమిని వేడెక్కించే మీథేన్ పుడుతుంది, పంటకూ పంటకూ మధ్య మడి ఆరితే చాలావరకు తగ్గుతుంది. ఊరూరా తిరిగి ఈ మాట చెప్పేదాన్ని, అత్తకు మాత్రం చెప్పలేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆమె మడిలో గ్యాస్ బాగా పడుతుంటే నా కొలతలకు మంచిదని సంతోషంగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆకు కూడా కదలడం లేదు. పెట్టె దగ్గర కూర్చున్నాను. మోటారు గుర్రుమని లేచింది. కాసేపటికి అవతలి ఒడ్డు దగ్గర ఒక బుడగ, అడుగు దూరంలో ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. ఎవరో బురదలో నడిచి వస్తున్నట్టు నా వైపే వచ్చి పెట్టె కింద ఆగాయి. మీథేనేనని తెలుసు. అయినా పెట్టె దగ్గర నుంచి వెనక్కి జరిగాను.

ఒడ్డు మీద నిలబడ్డ అత్త మెల్లగా అంది: "చూసినవా బిడ్డా? రోజూ గీ యాల్లకే వస్తాండు మీ మామ."

ఇక దాచలేకపోయాను. పిడికెడు బురద తీసి చూపించాను. నల్లగా ఉంది, కుళ్లిన గుడ్డు వాసన.

"అత్తా, ఇందుల నాటేస్తే వేర్లు కుళ్లుతయి. నారు పదిహేను రోజులల్ల నాటుకొస్తది. మడి జర ఆరనియ్యి. యాసంగి పంట పోతే ఏం తింటవ్?"

ఆమె నీళ్లకేసి చూసింది. తర్వాత స్టార్టర్ డబ్బా దగ్గరికి పోయి దాని మీద చెయ్యి వేసింది.

"ఇగ పండుకో. అలిసిపోయినవ్," అని డబ్బాతో చెప్పి స్విచ్ దించింది.

వారానికి మడి నెర్రెలు బాసింది. పెట్టెలో గ్యాస్ దాదాపు లేదు. సామాను సర్దుతుంటే అత్త పక్కన కూర్చుంది.

"ముందుగాల పట్టిన సీసలున్నయా బిడ్డా? ఒక్కటియ్యి."

అవన్నీ ఎప్పుడో పరీక్షకు పోయాయి. ఆ మాట చెప్పకుండానే ఒక ఖాళీ సీసా మూత బిగించి ఇచ్చాను. అత్త దాన్ని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"ఉన్నడు," అన్నది.